అద్దెలో వైఫై ఉంది, అడిగే హక్కే లేదు

అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మాదాపూర్, దిల్‌సుఖ్‌నగర్... ఏ సందులోకి తిరిగినా హాస్టల్ బోర్డుల మీద దాదాపు ఒకే వరుస కనిపిస్తుంది: మూడు పూటలా భోజనం, వేడినీళ్లు, వాషింగ్ మెషీన్, వైఫై. మొదటి మూడింటిలో ఏది తగ్గినా ఓనరు ఏదో ఒక సమాధానం చెప్పక తప్పదు. నీళ్లు రాకపోతే ట్యాంకరు తెప్పిస్తారు, కూర బాగాలేదంటే వంటమనిషిని మందలిస్తారు. నాలుగోదానికి మాత్రం బాధ్యులంటూ ఎవరూ ఉండరు. రాత్రి తొమ్మిదయ్యేసరికి వీడియో తిరుగుతూనే ఉంటుంది, ఆఫీసు కాల్ మధ్యలో తెగిపోతుంది, మాక్ టెస్ట్ సబ్మిట్ కాకముందే టైమ్ అయిపోతుంది. అడిగితే వార్డెన్ కేబుల్ అతని మీదికి, కేబుల్ అతను కంపెనీ మీదికి నెడతారు. కంపెనీకి ఫోన్ చేస్తే ఈ కనెక్షన్ మీ పేరు మీద లేదంటారు. హాస్టళ్లలోనే కాదు, అంతస్తుకి నాలుగైదు వాటాలు వేసి అద్దెకిచ్చిన భవనాల్లోనూ, బెంగళూరు మారతహళ్లిలో మన పిల్లలుండే పీజీల్లోనూ ఇదే వరస. దీన్ని సాంకేతిక లోపమనుకుని సర్దుకుపోవడం అందరికీ అలవాటైపోయింది. ఉమ్మడి అద్దె భవనాల్లో నెట్ నాసిగా ఉండటానికి అసలు మూలం ఏర్పాటులోనే ఉందని నేననుకుంటున్నాను. కనెక్షన్ ఎంచుకునేది ఒకరు, వాడుకునేది మరొకరు. డబ్బు అద్దెకున్నవాళ్ల జేబులోంచే పోతుంది, కంపెనీ పుస్తకాల్లో మాత్రం వాళ్లు వినియోగదారులే కారు. ఈ చిక్కు విప్పకుండా ఎంత పెద్ద ప్లాను తెచ్చినా ఆరు నెలలకి పరిస్థితి మళ్లీ మొదటికే వస్తుంది.

ముందు లెక్క చూద్దాం. అరవైమంది ఉండే హాస్టల్‌కి ఓనరు 100 ఎంబీపీఎస్ ఇంటి ప్లాను పెట్టించాడనుకుందాం. హెచ్‌డీ వీడియో ఆగకుండా నడవాలంటే 5 ఎంబీపీఎస్ దాకా కావాలి, గ్రూపు వీడియో కాల్‌కి మూడు నాలుగైనా ఉండాలి. అరవైమందిలో సగంమంది రాత్రి పూట ఫోన్లో వీడియో పెట్టుకుంటే చాలు, 150 ఎంబీపీఎస్ అవసరమవుతుంది. వాట్సాప్‌లూ, ఫోన్లలో వాటంతట అవే దిగే అప్‌డేట్లూ ఇందులో కలపనే లేదు. బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ వేగం ఉండాలని కేంద్రం 2023 జనవరిలో నిర్వచించింది. అరవైమందీ ఒకేసారి వాడితే ఈ 100 ఎంబీపీఎస్‌లో తలా ఒకటిన్నర చిల్లర వస్తుంది, అంటే ఆ అతి తక్కువ కొలతకు కూడా అందదు. పైగా ఆ వంద కూడా పూర్తిగా ఓనరు సొంతం కాదు. అందరూ ఒకేసారి వాడరన్న లెక్క మీదే కంపెనీలు ప్లాన్లు అమ్ముతాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇళ్ల కనెక్షన్లలో ఒకే సామర్థ్యాన్ని 1:50 నిష్పత్తి దాకా, వ్యాపార కనెక్షన్లలో 1:30 దాకా పంచుకోవచ్చన్నాయి. ఆ ఇంటి కనెక్షన్ లెక్క ఒక కుటుంబాన్ని, నలుగురైదుగురు మనుషులను దృష్టిలో పెట్టుకుని వేసినది. కంపెనీ అప్పటికే పంచిపెట్టినదాన్ని హాస్టల్ ఓనరు మళ్లీ అరవైమందికి పంచుతున్నాడు. 'కంపెనీ స్పీడ్ ఇవ్వట్లేదు' అన్న మాట ఇలాంటి భవనాల్లో చాలాసార్లు నిజం కాదు. కంపెనీ ఇచ్చింది, అది ఇంతమంది కోసం కొన్నది కాదు.

మిగతా కథ భవనం లోపల నడుస్తుంది. రౌటరు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఓనరు గదిలోనో, మెట్ల కింద మీటరు బోర్డుల పక్కనో ఉంటుంది. అక్కణ్ణుంచి సిగ్నల్ నాలుగు ఆర్‌సీసీ శ్లాబులు దాటి పైకెక్కాలి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగానే ఉంటుంది గానీ ఒక గోడ, ఒక శ్లాబు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ ఇంకాస్త దూరం పోతుంది, కానీ అందులో ఒకదానికొకటి అడ్డు రాని ఛానళ్లు మూడే: 1, 6, 11. గోడకు గోడ ఆనించి కట్టిన భవనాల మధ్య డజన్లకొద్దీ రౌటర్లు ఆ మూడింటిలోనే ఇరుక్కుని ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. పై అంతస్తువాళ్లు గొడవ చేస్తే ఓనరు ఒక చౌక రిపీటరు తెచ్చి మెట్ల దగ్గర తగిలిస్తాడు. ఒకే రేడియో ఉన్న రిపీటరు తనకు అందినదాన్ని అదే ఛానల్లో తిరిగి పంపాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ఫోన్లో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ప్రతి అంతస్తుకూ ఒక లాన్ వైరు లాగి, దాని చివర ఒక యాక్సెస్ పాయింట్ పెడితే ఇందులో చాలా భాగం తీరిపోతుంది. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు, చిన్న చిన్న ఆఫీసుల్లో ఏనాటినుంచో చేస్తున్నదే.

తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి ఇంజనీరు కూడా అక్కర్లేదు. రద్దీ వేళ, అంటే రాత్రి తొమ్మిది, పది మధ్య, ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా రౌటరుకే తగిలించి ఒకసారి, గదిలో వైఫై మీద ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయాలి. వైరు మీద బాగుండి గదిలో పడిపోతే లోపం భవనం లోపలిది. వైరు మీద కూడా పడిపోతే రౌటరు మీదున్న మిగతా ఫోన్లన్నిటినీ కాసేపు తప్పించి మళ్లీ చూడాలి. అప్పుడు వేగం వస్తే ప్లాను చాలట్లేదని అర్థం, అప్పటికీ రాకపోతే కంపెనీనో కేబుల్ ఆపరేటరునో పట్టుకోవాలి. గమనించండి, ఈ మూడు ఫలితాల్లో రెండింటిని సరిచేయగలిగినవాడు ఓనరు ఒక్కడే. మధ్యాహ్నం రెండింటికి, అందరూ ఆఫీసుల్లోనో కోచింగ్ సెంటర్లలోనో ఉన్నప్పుడు, రౌటరు పక్కన నిలబడి తీసిన స్క్రీన్‌షాట్ ఏమీ రుజువు చేయదు.

మరి ఓనరు ఎందుకు సరిచేయడు? చెడ్డవాడని కాదు. ఖర్చు తనది, లాభం ఇంకొకరిది అయినప్పుడు ఎవరైనా వాయిదాయే వేస్తారు. నెట్ బాగుచేయిస్తే అద్దె పెరగదు, బాగుచేయించకపోతే గది ఖాళీగా ఉండిపోదు. గది చూసుకోవడానికి జనం వచ్చేది ఆదివారం పగటిపూట. కుళాయి తిప్పి చూస్తారు, కిటికీ తెరిచి చూస్తారు, బాత్రూమ్ చూస్తారు. రాత్రి తొమ్మిదింటి నెట్ ఎలా ఉంటుందో అప్పుడు చూడలేరు. అది తెలిసేసరికి అడ్వాన్స్ చేతులు మారి ఉంటుంది. నచ్చకపోతే ఖాళీ చేసి పోవచ్చు కదా, పోటీ ఉంటే మంచి హాస్టళ్లే నిలబడతాయి కదా అని వాదించేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు. ఒక నెల నోటీసు, అడ్వాన్స్‌లో కోత, పెయింటింగ్ ఖర్చు, సామాన్ల ఆటో ఇవన్నీ భరించి పక్క వీధిలోకి మారితే అక్కడ ఇదే అనుభవం ఎదురవదని హామీ ఇచ్చేవాళ్లు లేరు. సరుకు ఎలాంటిదో కొనేముందు తెలుసుకునే దారి లేని చోట పోటీ ఏ మేలూ చేయదు.

దీనికి తోడు ఇంకో సమస్య ఉంది, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. గదిలో నెట్ రావట్లేదని ఒకరు సొంతంగా కనెక్షన్ పెట్టించుకుంటానంటే చాలా భవనాల్లో ఒప్పుకోరు. ఈ భవనానికి ఫలానా ఆపరేటరు ఉన్నాడు, వేరేవాళ్ల వైరు లోపలికి రానివ్వం అంటారు. ఓనరు ఇంటికి కనెక్షన్ ఉచితంగా ఇచ్చి, భవనమంతా తన చేతిలో పెట్టుకునే ఏర్పాటు ఆపరేటరుకి లాభసాటి కాబట్టి ఈ పట్టుదలలో ఆశ్చర్యమేమీ లేదు. ఈ ప్రమాదాన్ని ట్రాయ్ ఎప్పుడో గుర్తించింది. భవనాల లోపలికి టెలికాం సంస్థల ప్రవేశంపై 2017 జనవరిలో ఇచ్చిన సిఫార్సుల్లో, మిగతా సంస్థలను రానివ్వకుండా చేసుకునే ప్రత్యేక ఒప్పందాలను లైసెన్సు ఉల్లంఘనగా చూడాలని చెప్పింది. అమెరికాలో ఇలాంటి ప్రత్యేక ఒప్పందాల మీద నిషేధం 2000వ దశకంలోనే మొదలైంది. అయినా ఓనర్లకు వాటా ఇచ్చే రూపంలో అదే తంతు కొనసాగుతోందని గుర్తించి, అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ 2022 ఫిబ్రవరిలో కొన్ని రకాల ఆదాయ పంపకాలను కూడా నిషేధించింది. బ్రిటన్ 2021లో ఏకంగా దీని కోసమే ఒక చట్టం చేసింది: ఫ్లాట్‌లో ఉండేవాళ్లు కనెక్షన్ కోరితే, కంపెనీ పదేపదే రాసినా భవన యజమాని ఉలకకపోతే, ట్రైబ్యునల్ ద్వారా 18 నెలల దాకా లోపలికి వెళ్లే హక్కు ఇప్పించవచ్చు. మన 2023 టెలికాం చట్టంలోనూ ప్రైవేటు ఆస్తిలోకి ప్రవేశం గురించి నిబంధనలున్నాయి. కానీ ఆ తలుపు తట్టే అవకాశం కంపెనీకి ఇచ్చారు. లోపల కూర్చుని కనెక్షన్ కోసం ఎదురుచూసే అద్దెదారుకి అందులో చోటు కనపడదు.

ఫిర్యాదుల యంత్రాంగంలోనూ ఇదే లోటు. ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ కంపెనీ ఒక డాకెట్ నంబరు ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోపు కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. కాగితం మీద ఇది మంచి మెట్ల వరుసే. మొదటి మెట్టు ఎక్కాలంటే మాత్రం చందాదారు అయి ఉండాలి. అరవైమందిలో ఒక్కరు కూడా చందాదారు కారు, ఉన్న ఒక్క చందాదారు ఓనరు, అతనికి ఫిర్యాదు చేయాల్సిన అవసరం లేదు. కాబట్టి హాస్టల్‌లో నెట్ సమస్య ఏ రికార్డుకీ ఎక్కదు, ఏ నివేదికలోనూ కనపడదు. అద్దెకున్నవాళ్లకు మిగిలే దారి ఓనరు మీదే వినియోగదారుల చట్టం కింద వెళ్లడం. భోజనం, వైఫై, గది కలిపి నెలకింత అని తీసుకుంటున్నప్పుడు అది సేవే, అందులో లోపం లోపమే. కానీ చేతిలో రసీదు తప్ప ఇంకేమీ లేని ఇరవై ఏళ్ల కుర్రాడు అంత దూరం వెళ్లాలని ఆశించడం న్యాయం కాదు.

అద్దె చట్టం ఆదుకోవాల్సింది ఇక్కడే. తెలంగాణలో ఇప్పటికీ నడుస్తున్నది 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం. 2005లో చేసిన సవరణ వల్ల కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలు దాని పరిధిలోంచి బయటికి వెళ్లిపోయాయి. అంటే హైదరాబాద్‌లో ఈరోజు ఒక మామూలు గది తీసుకున్నవాళ్లకు ఆ చట్టం నీడ కూడా తగలదు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి అందరూ 11 నెలల అగ్రిమెంట్ రాసుకుంటారు, ఆచరణలో ఆ రెండు మూడు పేజీలే అద్దెదారుకి చట్టం. అందులో గోడలకు మేకులు కొట్టకూడదని ఉంటుంది, ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కు మినహాయిస్తామని ఉంటుంది, మోటారు కరెంటు ఎవరు కట్టాలో ఉంటుంది. నెట్ గురించి ఒక్క వాక్యం ఉండదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ విషయంలో ముందడుగు వేసింది. అద్దెదారుకి ఓనరు ఆపకూడని అత్యవసర సేవల్లో నీళ్లు, కరెంటు, లిఫ్ట్, పారిశుధ్యంతో పాటు సమాచార సంబంధాలను కూడా చేర్చింది. అయితే నమూనా చట్టం దానంతట అది అమల్లోకి రాదు, రాష్ట్రాలు తెచ్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టం చేసుకుంది. తెలంగాణ ఇంకా ఆ 1960 నాటి చట్టంతోనే నెట్టుకొస్తోంది. కొత్త చట్టం తీసుకొచ్చేటప్పుడు కూడా ఆ నమూనా వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించితే సరిపోదు. ఓనరు ఉన్న లైను కత్తిరించకూడదని అది చెబుతుంది. కొత్త లైనుకు అడ్డుపడకూడదని, అద్దెలో కలిపి ఇస్తున్న నెట్ పనికొచ్చేలా ఉండాలని మాత్రం విడిగా రాసుకోవాలి.

ఇదంతా అతిగా లేదా, నెట్ ఏమైనా అన్నం నీళ్లతో సమానమా అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. పదేళ్ల కిందట ఆ ప్రశ్నకు బలం ఉండేది. ఇవాళ ఉద్యోగాల దరఖాస్తు, హాల్‌టికెట్, ఫీజు రీయింబర్స్‌మెంట్, పీఎఫ్ క్లెయిము, రాత్రి షిఫ్టు పని అన్నీ ఆ లైను మీదుగానే నడుస్తున్నాయి. కోళికోడ్ దగ్గరి ఒక కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ వాడకూడదన్న నియమాన్ని ఎదిరించి బయటికి పంపబడ్డ విద్యార్థిని కేసులో, కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమేనంది. ఈ-కేవైసీలో దివ్యాంగులు, యాసిడ్ దాడి బాధితులు పడుతున్న కష్టాల మీద 2025 ఏప్రిల్‌లో తీర్పిస్తూ సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులోకే వస్తుందని చెప్పింది. ఈ తీర్పులు నేరుగా హాస్టల్ ఓనరుని కట్టడి చేసేవి కావు, అది ఒప్పుకోవాలి. కానీ ఏది అవసరం, ఏది విలాసం అన్న గీత ఎటు జరిగిందో అవి చూపిస్తున్నాయి. ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. చాలా లేడీస్ హాస్టళ్లలో రాత్రి తొమ్మిదికో పదికో గేటు పడుతుంది. నెట్ రాకపోతే మగపిల్లలు ఫ్రెండ్ గదికో కెఫేకో పోగలరు. లోపలే ఉండాలని నియమం పెట్టినవాళ్లకు లోపల పని జరిగే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత కూడా ఉంటుంది.

మొబైల్ డేటా ఉండగా ఈ గొడవంతా ఎందుకనేది ఇంకో మాట. మన దగ్గర డేటా చౌకే, నిజం. రోజుకి ఒకటిన్నర, రెండు జీబీల ప్లాను గంటన్నర, రెండు గంటల వీడియో క్లాసుతో అయిపోతుంది. 2024 జులైలో చార్జీలు పెరిగినప్పుడు పెద్ద కంపెనీలు అపరిమిత 5జీని రోజుకి 2 జీబీ, ఆపై ప్లాన్లకే పరిమితం చేశాయి. అదీ కాక కిటికీలేని లోపలి గదుల్లో, సెల్లార్‌ను విడగొట్టి కట్టిన గదుల్లో మొబైల్ సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. డేటాలో ఎక్కువ భాగం వాడేది నాలుగు గోడల మధ్యేనని ట్రాయ్ పదేపదే చెబుతోంది. ఇవన్నీ పక్కన పెట్టినా, అద్దెలో వైఫైకి ఒకసారి కట్టినవాళ్లు అదే అవసరానికి ఫోన్లో రెండోసారి ఎందుకు కట్టాలి?

ఓనర్ల భయాల్లో ఒకదాన్ని మాత్రం తేలిగ్గా తీసేయలేం. నా కనెక్షన్ మీద ఎవరో ఏదో చేస్తే పోలీసులు నా ఇంటికొస్తారు అంటారు వాళ్లు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు నిమిషాల ముందు పంపిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబయిలోని ఒక ఫ్లాట్ వైఫై నుంచి వెళ్లిందని తేలింది. మరుసటి ఏడాది టెలికాం శాఖ వైఫై భద్రతపై ప్రత్యేక ఆదేశాలిచ్చింది. ఈ భయం న్యాయమైనదే, కానీ అది చూపించే దారి వేరు. అరవైమందికి ఒకే పాస్‌వర్డు గోడ మీద రాసి పెట్టడమే అన్నిటికన్నా ప్రమాదం. ఎవరి కనెక్షన్ వాళ్ల పేరు మీద, వాళ్ల ఆధార్ మీద ఉంటే ఓనరుకి ఆ బరువే ఉండదు. తానే అందరికీ నెట్ ఇవ్వాలనుకునే ఓనరుకు చట్టబద్ధమైన మార్గం కూడా ఉంది. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి పథకంలో లైసెన్సు ఫీజు లేకుండా ఎవరైనా పబ్లిక్ డేటా ఆఫీసు పెట్టుకుని, వాడేవాళ్లను నమోదు చేసుకుని వైఫై ఇవ్వవచ్చు. అలాంటివారి దగ్గర 200 ఎంబీపీఎస్ దాకా ప్లాన్లకు ఇంటి ధరకు రెట్టింపు మించి తీసుకోకూడదని 2025 జూన్‌లో ట్రాయ్ పరిమితి కూడా పెట్టింది. ఇంటి ప్లాను తెచ్చి గుట్టుగా అరవైమందికి పంచడం కంటే ఇది ఓనరుకే క్షేమం.

గోడలు తొలుస్తారు, వైర్లు వేలాడతాయి అన్న అభ్యంతరానికి హైదరాబాద్‌లో చేదు నేపథ్యం ఉంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించింది, ఎన్నో కాలనీల్లో నెట్ ఆగిపోయింది, వివాదం హైకోర్టుకెక్కింది. ప్రాణాల ముందు నెట్ చిన్న విషయం, వేలాడే వైర్లు తీసేయాల్సిందే. అయితే ఆ వైర్లు అలా పేరుకుపోవడానికి కారణం భవనాల్లోకి వెళ్లే సరైన దారి ఎవరూ కట్టకపోవడం. నీళ్లకు పైపు, కరెంటుకు కండ్యూట్ వేసినట్టే మెట్ల పక్కన మేడ మీది దాకా ఒక ఖాళీ పైపు, అంతస్తుకో చిన్న పెట్టె కట్టేటప్పుడే పెడితే ఏ కంపెనీ వైరైనా అందులోంచే వెళుతుంది, ఏ గోడా తొలవక్కర్లేదు. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతిలో సమాచార సాంకేతిక ఏర్పాట్లకు ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. నీళ్లు, కరెంటు, గ్యాస్‌లాగే ఇది కూడా భవన ప్రణాళికలో భాగం కావాలని ట్రాయ్ 2023 ఫిబ్రవరిలో సిఫార్సు చేసింది. 2024 అక్టోబరులో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ స్టార్ రేటింగ్ ఇచ్చే నిబంధనలు కూడా తెచ్చింది. మంచి ఆలోచన, కానీ రేటింగ్ తెచ్చుకోవడం భవన యజమాని ఇష్టం. పెద్ద ఐటీ పార్కులు, ఖరీదైన గేటెడ్ కమ్యూనిటీలు నక్షత్రాలు తెచ్చుకుని ప్రకటనల్లో వేసుకుంటాయి. 80 గజాల స్థలంలో ఐదంతస్తులు లేపిన హాస్టల్ ఓనరు ఆ రేటింగ్ ఇచ్చే ఏజెన్సీ గుమ్మం తొక్కడు. అవసరం ఎక్కువున్న చోటికే ఆ నియమం చేరదు.

చిన్న ఓనర్లు, అద్దె మీదే బతికే పెద్దవాళ్లు ఈ ఖర్చు ఎక్కడ తెస్తారన్నది మిగిలిన ప్రశ్న. వాళ్ల మీద బరువు వేయనక్కర్లేని మార్గమే నేను ముందు పెడతాను: సొంత కనెక్షన్ తెచ్చుకునే హక్కు. దానికి ఓనరు పైసా పెట్టక్కర్లేదు, అడ్డుపడకుండా ఉంటే చాలు. గోడకు నష్టం కలిగితే బాగుచేయించి ఇవ్వాలని అగ్రిమెంట్‌లో రాసుకోవచ్చు. అద్దెలో నెట్ కలిపి డబ్బు తీసుకునేవాళ్లకే రెండో నియమం వర్తించాలి: ప్లాను ఎంత, ఎంతమంది పంచుకుంటున్నారు, ఆగితే ఎన్ని గంటల్లో సరిచేస్తారు, చేయకపోతే అద్దెలో రోజుకి ఎంత తగ్గిస్తారు అని రాసివ్వాలి. ఇవ్వలేనివాళ్లు బోర్డు మీదినుంచి వైఫై అన్న మాట తీసేయవచ్చు, అదేమీ నేరం కాదు. దీనివల్ల అద్దె కొంచెం పెరిగితే పెరగవచ్చు. పెరిగినదానికి తలాకాస్త వేసుకోవడానికి చాలామంది సిద్ధంగానే ఉంటారు, ఎందుకంటే వాళ్లిప్పటికే ఆ డబ్బు మొబైల్ రీఛార్జిల్లో పోస్తున్నారు.

149 రూపాయలకే ఇంటింటికీ నెట్, టీవీ, ఫోన్ అంటూ ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ ప్రారంభమైంది 2017 డిసెంబరులో. తెలంగాణ టీ-ఫైబర్ పేరుతో ఊళ్లకు లైన్లు వేస్తోంది. కొండలు, అడవులు దాటించి వందల కిలోమీటర్ల ఫైబర్ లాగగల ప్రభుత్వాలకు, నగరంలో గేటు నుంచి మూడో అంతస్తు గది దాకా ఉన్న చివరి ముప్ఫై మీటర్లు ఎవరి బాధ్యతో తేల్చడం కష్టమేమీ కాదు. చట్టం వచ్చేదాకా అద్దెకున్నవాళ్లు కూడా ఊరికే కూర్చోనక్కర్లేదు. ఒకరు ఖాళీ చేసి వెళ్లిపోతే ఓనరుకి తెలిసేది మంచం ఖాళీ అయిందని మాత్రమే. పది గదులవాళ్లు కలిసి వారం పాటు రద్దీ వేళ తీసిన స్పీడ్ టెస్టులు, వైరు మీదవీ వైఫై మీదవీ విడివిడిగా, ఓనరు ముందు పెట్టి ప్లాను మార్చమనో, అంతస్తుకో యాక్సెస్ పాయింట్ పెట్టమనో, లేదా సొంత లైను రానివ్వమనో లిఖితంగా అడిగితే మాట మారుతుంది. ఆ కాగితం రేపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి వచ్చినా పనికొస్తుంది. తెలంగాణ ప్రభుత్వం కొత్త అద్దె చట్టం రాయడానికి కూర్చున్న రోజున, ఆ ముసాయిదాలో సొంత కనెక్షన్ హక్కు గురించి ఒక క్లాజు, హాస్టళ్లు, పీజీలు కూడా ఆ చట్టం కిందికి వస్తాయని ఇంకో క్లాజు ఉండాలి. కొత్త భవనాలకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఇంకుడుగుంత ఉందా అని చూసే అధికారే మెట్ల పక్కన ఆ ఖాళీ పైపు ఉందో లేదో కూడా చూడాలి.